చిప్పు గడప దగ్గర ఆగిన వెలుగు

చిత్తూరు జిల్లాలో ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో కరెంటు స్తంభాలను తలెత్తి చూస్తే రెండు రకాల తీగలు కనిపిస్తాయి. పైన బోరు మోటార్లకు కరెంటు మోసే అల్యూమినియం తీగలు, వాటి కింద నల్లటి ఫైబర్ కేబుల్. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ ఈ పద్ధతిలోనే, నేల తవ్వే ఖర్చు లేకుండా, కరెంటు స్తంభాల ఆసరాతో రాష్ట్రమంతటా సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామన్న మాట ఎంతవరకు నిలిచిందన్నది వేరే చర్చ. పని మాత్రం స్పష్టంగా పంచుకున్నారు: శక్తిని లోహం మోస్తుంది, సమాచారాన్ని గాజు మోస్తుంది.

సమాచారం మోయడంలో గాజు లోహాన్ని దూరాల నుంచి దగ్గరికి తరుముకుంటూ వచ్చింది. 1988లో అట్లాంటిక్ సముద్రం అడుగున టాట్-8 అనే మొదటి ఫైబర్ కేబుల్ పడింది. తర్వాత నగరాల మధ్య, ఆ తర్వాత వీధుల్లో, ఆపైన డేటా సెంటర్లలో ఒక ర్యాక్ నుంచి ఇంకో ర్యాక్‌కు రాగిని పక్కకు నెట్టింది. ఇక మిగిలింది ఆఖరి రెండు సెంటీమీటర్లు. వేలిగోరంత చిప్పు లోపల ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు, కోర్ నుంచి క్యాష్ మెమరీకి రాగి గీతల బదులు వెలుగు పంపితే కరెంటు ఆదా అవుతుందా? ఇంజనీర్లు నలభై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కొన్ని వందల పరిశోధన పత్రాలు వచ్చాయి. ఎక్కువ భాగం అవుతుందనే అన్నాయి. కానీ ఈనాటికీ మార్కెట్లో దొరికే ఏ ప్రాసెసర్ లోపలా కోర్ల మధ్య మాటలు వెలుగు మీద నడవడం లేదు. ఈ రెంటికీ పొంతన ఎందుకు కుదరలేదో చూడటమే ఇక్కడి పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వెలుగు ప్రయాణించడానికి ఖర్చు దాదాపు లేదు, దాన్ని ఎప్పుడూ సిద్ధంగా నిలిపి ఉంచడానికి అయ్యే ఖర్చే దాన్ని చిప్పు గడప దగ్గర ఆపింది.

అసలు ఈ ఖర్చు గురించి ఇంత పట్టింపు ఎందుకు? 2014లో ఐఎస్ఎస్‌సీసీ అనే చిప్పుల సదస్సులో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు మార్క్ హోరోవిట్జ్ చూపించిన అంకెలు ఈ రంగంలో అందరికీ కంఠస్థం. 45 నానోమీటర్ల చిప్పులో రెండు 32 బిట్ల పూర్ణాంకాలను కూడటానికి 0.1 పికోజౌల్ పడుతుంది. దశాంశ గుణకారానికి 3.7 పికోజౌళ్లు. అదే అంకెను చిప్పు బయట ఉన్న డీర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే 1300 నుంచి 2600 పికోజౌళ్లు. లెక్క చేయడం చవక, లెక్కకు కావలసిన సరుకును తెచ్చుకోవడం ఖరీదు. పికోజౌల్ అంటే జౌల్‌లో లక్ష కోట్ల వంతు. ఒక్క బిట్‌కు అది లెక్కలోకి రాదు, కానీ సెకనుకు లక్షల కోట్ల బిట్లు కదిలే చోట అవే వాట్లుగా, ఆ వాట్లే వేడిగా పేరుకుంటాయి.

చిప్పులో కోర్లు పెరిగేకొద్దీ వాటి మధ్య తీగలు ఒక చిన్న రోడ్ల వ్యవస్థ అయ్యాయి. ప్రతి జంటకూ విడి తీగ లాగకుండా, కూడళ్ల దగ్గర రౌటర్లు పెట్టి, డేటాను పొట్లాలుగా పంపండని 2001లో విలియం డాలీ, బ్రయాన్ టౌల్స్ వాదించారు. అంతకుముందే, 1997లో, ఇలాంటి అల్లికల మీద వచ్చిన ప్రామాణిక పాఠ్యగ్రంథం ముగ్గురు రచయితల్లో ఒకరు సుధాకర్ యలమంచిలి. 2019లో కన్నుమూసేదాకా ఆయన జార్జియా టెక్‌లో పాఠం చెప్పారు. అప్పట్లో ఆ పుస్తకం సూపర్ కంప్యూటర్ల కోసం. పదేళ్లు తిరిగేసరికి అవే సూత్రాలు ఒక్క చిప్పులోకి దిగాయి.

2007లో ఇంటెల్ 80 కోర్ల ప్రయోగ చిప్పును బయటపెట్టింది. పనిలో గణనీయమైన భాగం బెంగళూరు బృందానిది. పత్ర రచయితల్లో వసంత ఎర్రగుంట్ల పేరు కనిపిస్తుంది. ఆ చిప్పులో ఒక్కో గడి (ఒక కోర్, దాని రౌటరు కలిసిన ముక్క) వాడే కరెంటులో 28 శాతం కేవలం రౌటరు, తీగలు తినేశాయి. నాలుగో వంతు కంటే ఎక్కువ కరెంటు మాటలకే పోతే ఇక వెయ్యి కోర్ల సంగతేమిటి? వెలుగు వైపు పరిశోధకులు పరుగెత్తడానికి ఈ ఒక్క అంకె చేసిన ప్రచారం ఇంతా అంతా కాదు. అదే ఇంటెల్ రెండు మూడేళ్లకే 48 కోర్ల మరో చిప్పు చేసింది. అందులో పూర్తి వేగంతో నడిచేటప్పుడు అల్లిక వాటా మొత్తం కరెంటులో సుమారు 10 శాతమే. రౌటర్ల సంఖ్య తగ్గించారు, వేగం, వోల్టేజీ మితంగా ఉంచారు. వెలుగు ఒక్క చుక్క కూడా వాడలేదు. ఈ రెండో అంకెను ఉటంకించిన వెలుగు పరికరాల (ఫోటానిక్స్) పత్రాలు నాకు తక్కువగా కనిపించాయి.

రాగి గీత ఖర్చు ఎలా వస్తుందో చూద్దాం. చిప్పు లోపలి తీగ ఒక సన్నటి కెపాసిటర్. ఏ తరం చిప్పు తీసుకున్నా మిల్లీమీటరుకు సుమారు 0.2 పికోఫారడ్ ఉంటుంది. తీగ సన్నబడినా పక్క తీగలు దగ్గరవుతాయి కాబట్టి ఈ విలువ పెద్దగా మారదు. సున్నా నుంచి ఒకటికి మారిన ప్రతిసారీ ఆ కెపాసిటర్‌ను నింపాలి. 0.8 వోల్టుల దగ్గర లెక్క వేసి, బిట్లు నాలుగింట ఒకసారే అలా మారతాయనుకుంటే మిల్లీమీటరుకు 32 ఫెమ్టోజౌళ్లు (పికోజౌల్‌లో వెయ్యో వంతు ఒక ఫెమ్టోజౌల్). మధ్యమధ్యలో సంకేతాన్ని ఎగదోసే రిపీటర్లు కలిపితే ఇది సుమారు రెట్టింపు అవుతుంది. 80 అనుకుందాం, రాగికి పక్షపాతం చూపించామన్న మాట రాకుండా. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు 20 మిల్లీమీటర్లంటే బిట్‌కు 1.6 పికోజౌళ్లు. ఈ లెక్కలో రెండు గుణాలు గుర్తుపెట్టుకోవాలి. దూరం సగమైతే ఖర్చు సగమవుతుంది. బిట్ కదలకపోతే, కొద్దిపాటి కారే కరెంటు తప్ప, ఖర్చు లేదు.

వెలుగు సంగతి వేరు. దీనికి భౌతికశాస్త్ర ఆధారాన్ని అందరికంటే బాగా వివరించినవారు స్టాన్‌ఫర్డ్‌లోని డేవిడ్ మిల్లర్. 1989 నుంచి ఇదే విషయం మీద ఆయన రాస్తున్నారు. లోహపు తీగలో పంపితే తీగ పొడవునా వోల్టేజీ నింపాలి. వెలుగులో అలా కాదు: అవతలి చివర డిటెక్టర్ అనే బుల్లి ముక్కను మాత్రం నింపితే చాలు. ఒక్కో ఫోటాన్ ఒక్కో ఎలక్ట్రాన్‌ను లేపుతుంది, మధ్యలో ఉన్న దారి ఎంత పొడవైనా దానికి పట్టదు. 1550 నానోమీటర్ల వెలుగులో ఒక ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్‌వోల్టులు, ఒక ఫెమ్టోజౌల్‌లో ఎనిమిది వేలకు కాస్త తక్కువ ఫోటాన్లు పడతాయి. ఒక బిట్‌ను గుర్తుపట్టడానికి సూత్రప్రాయంగా అవి ధారాళంగా సరిపోతాయి. ఈ వాదనలో తప్పేమీ లేదు. పైపెచ్చు ఒకే దారిలో పదుల రంగుల వెలుగును ఒకేసారి పంపవచ్చు, ఒకదానికొకటి అడ్డురావు. రాగికి ఆ వీలు లేదు.

చిక్కంతా ఆ ఎనిమిది వేల ఫోటాన్లను అక్కడికి చేర్చడంలోనే ఉంది. సిలికాన్ దానంతటది వెలగదు. దాని అణు అమరిక వెలుగు పుట్టించడానికి అనువైనది కాదు. లేజర్ వేరే పదార్థంతో చేసి బయట పెట్టాలి, లేదా ఇండియం ఫాస్ఫైడ్ ముక్కను తెచ్చి అతికించాలి. ఆ వెలుగు చిప్పులోకి దిగేచోట కొంత పోతుంది. వేవ్‌గైడ్ అనే సన్నటి సిలికాన్ కాలువలో సెంటీమీటరుకు ఒకటి నుంచి మూడు డెసిబెళ్లు పోతుంది. బిట్లను వెలుగు మీద ముద్రించే మాడ్యులేటర్ దగ్గర, మలుపుల దగ్గర, రెండు కాలువలు దాటుకునే చోట, రంగులను ఏరడానికి దారిలో పెట్టే ప్రతి రింగు దగ్గర కాసింత. ఇవి డెసిబెళ్లు కాబట్టి కూడికలుగా కనిపిస్తాయి, నిజానికి గుణకారాలు. ప్రతి మూడు డెసిబెళ్లకూ లేజర్ రెట్టింపు వెలగాలి. దారి మొత్తానికి 15 డెసిబెళ్ల నష్టం ఉంటే పంపేచోట 32 రెట్లు పోయాలి. లేజర్ తాను తీసుకున్న కరెంటులో పదో వంతునే వెలుగుగా మారుస్తుందనుకుంటే మొత్తం 320 రెట్లు.

ఇక రింగుల కథ. 2005లో కార్నెల్‌లో మిషాల్ లిప్సన్ బృందం 12 మైక్రాన్ల వ్యాసం ఉన్న సిలికాన్ రింగుతో మాడ్యులేటర్ చేసి చూపించింది. వెంట్రుక మందం కంటే చాలా చిన్నది. అంతకుముందు వాడిన మిల్లీమీటర్ల పొడవు పరికరాలతో పోలిస్తే అదొక విప్లవం. చిప్పులో వెలుగు అన్న కల నేల మీదికి దిగింది అక్కడే. కానీ రింగు తన చుట్టుకొలతకు సరిపోయే రంగునే పట్టుకుంటుంది. సిలికాన్ వేడెక్కితే దాని వక్రీభవన గుణకం మారుతుంది, ఒక్కో డిగ్రీకి ఆ రంగు 0.07 నుంచి 0.1 నానోమీటర్ల దాకా జరుగుతుంది. పక్క రంగులో నడిచే చానెల్ 0.8 నానోమీటర్ల దూరంలో ఉంటే పది డిగ్రీల తేడాకు రింగు పొరుగువాడి మాట వినడం మొదలుపెడుతుంది. ప్రాసెసర్ మీద పక్కపక్క భాగాల మధ్యనే పది ఇరవై డిగ్రీల తేడా మామూలు. తయారీలో నానోమీటరు అటూ ఇటూ అయినా ఇదే చిక్కు. అందుకే ప్రతి రింగు పక్కనా ఒక హీటర్ పెట్టి, దాన్ని తన రంగు మీద నిలబెట్టాలి. చిప్పును చల్లబరచడానికి ఫ్యాన్లు తిప్పుతూ, లోపల రింగులను వెచ్చగా ఉంచడానికి కరెంటు పోయడం! ఈ వ్యంగ్యాన్ని ఈ రంగంలోని వాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు.

ఇప్పుడు ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. అంకెలు నావి, గుండ్రంగా తీసుకున్నవి; కానీ పరిశోధన పత్రాల్లో కనిపించే పరిధుల్లోనివే. సెకనుకు 10 గిగాబిట్ల చానెల్, డిటెక్టర్‌కు కావలసింది 10 మైక్రోవాట్లు. అంటే బిట్‌కు ఒక ఫెమ్టోజౌల్. పైన చెప్పిన 320 రెట్లతో లేజర్ ఖర్చు బిట్‌కు 0.32 పికోజౌల్. పంపే వైపు ఒక రింగు, అందుకునే వైపు ఒక రింగు, ఒక్కోదానికి ఒక మిల్లీవాట్ వేడి: మరో 0.2. మాడ్యులేటర్‌ను నడపడానికి, అందిన సంకేతాన్ని పెంచడానికి 0.3. మొత్తం 0.82 పికోజౌల్. 20 మిల్లీమీటర్ల రాగికి 1.6 కదా, వెలుగు సగం ఖర్చుతో గెలిచింది. 10 మిల్లీమీటర్లయితే రాగికి 0.8, సరిసమానం. 5 మిల్లీమీటర్లయితే రాగికి 0.4, వెలుగు ఓడిపోయింది. చిప్పులో మాటలు ఎక్కువగా పొరుగు కోర్ల మధ్యనే నడుస్తాయి. పని పంచేటప్పుడు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అలా ఉండేలా చూసుకుంటారు కూడా.

ఇదంతా చానెల్ క్షణం ఖాళీ లేకుండా నిండుగా నడిచినప్పటి మాట. పదింట ఒక వంతే వాడకం ఉందనుకోండి. లేజర్ వెలుగుతూనే ఉంటుంది, హీటర్లు కాలుతూనే ఉంటాయి. ఆ 0.52 పికోజౌల్ పది రెట్లై 5.2 అవుతుంది, 0.3 కలిపితే బిట్‌కు 5.5. రాగి 1.6 దగ్గరే ఉంటుంది. వెలుగు బస్సు లాంటిది, రాగి షేర్ ఆటో లాంటిది. చిత్తూరు నుంచి కాణిపాకం వచ్చే ఆర్టీసీ బస్సుకు వినాయక చవితి రోజుల్లో నిలబడటానికి చోటు లేకపోయినా, మామూలు మధ్యాహ్నం నలుగురే ఎక్కినా డీజిల్ ఒకటే. షేర్ ఆటోకు మనిషికింత, కిలోమీటరుకింత. నిండిన బస్సు తలసరి ఖర్చును ఆటో ఎప్పటికీ అందుకోలేదు, ఖాళీ బస్సును మాత్రం ప్రతి ఆటో ఓడిస్తుంది. నా అంకెలతో 20 మిల్లీమీటర్ల దూరానికి రెండూ సమానమయ్యే చోటు 40 శాతం వాడకం. రాగి వైపు రౌటర్ల ఖర్చు కూడా వేసి బిట్‌కు 2.5 అనుకుంటే అది పాతిక శాతం దాకా దిగుతుంది. మామూలు ప్రోగ్రాములు నడిచేటప్పుడు ప్రాసెసర్ లోపలి అల్లిక అంత నిండుగా ఉండదు. ఎప్పుడో ఒక్కసారి విరుచుకుపడే రద్దీ కోసం వెడల్పుగా వేసి, మిగతా వేళల్లో ఖాళీగా ఉంచే రోడ్డు అది.

ఈ నేపథ్యంలో పరిశోధన సాహిత్యాన్ని చదివితే చాలా విషయాలు విడిపోతాయి. 1984లో జోసెఫ్ గుడ్‌మన్ మరి ముగ్గురితో కలిసి చిప్పులకు వెలుగు తీగలు అన్న ఆలోచనను మొదటిసారి వ్యవస్థితంగా ముందుకు తెచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు పరికరాలు లేక ఆలోచన నిలిచిపోయింది. రింగులు వచ్చాక 2006 నుంచి 2012 మధ్య వెల్లువ. కొలంబియా విశ్వవిద్యాలయంలో షాచమ్, బెర్గ్‌మన్, కార్లోనీ ఒక తెలివైన ఒప్పందం ప్రతిపాదించారు: వెలుగును నిల్వ ఉంచుకోవడం కుదరదు కాబట్టి దారిని రాగి అల్లిక ముందే కుదిర్చి పెడుతుంది, పెద్ద మూటను వెలుగు ఒక్క ఊపున తీసుకుపోతుంది. 2008లో హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్ల కరోనా (పేరు చూసి ఉలిక్కిపడకండి, మహమ్మారికి పన్నెండేళ్ల ముందరిది) 256 కోర్లను మొత్తంగా వెలుగుతో కలిపే ప్రణాళిక గీసింది. మరుసటి ఏడు ఫైర్‌ఫ్లై వచ్చింది: దగ్గరి దూరాలకు రాగి, దూరాలకు వెలుగు. ఎంఐటీ వాళ్ల అటాక్ వెయ్యి కోర్ల మాట ఎత్తింది.

కరోనా ప్రణాళికలో రింగులు సుమారు పది లక్షలు. ఒక్కోదానికి ఒక్క మిల్లీవాట్ వేడి పెట్టినా వెయ్యి వాట్లు. చిప్పు అక్కడే కరిగిపోతుంది. కాబట్టి అలాంటి ప్రణాళికలు నిలబడాలంటే రింగుకు పదుల మైక్రోవాట్లకు మించి ఖర్చు ఊహించుకోకూడదు. ఊహ తప్పని నేననను, ముందుచూపున్న పరిశోధన రేపటి పరికరాల మీద పందెం కాయాల్సిందే. అయితే అదే పత్రాల్లో పోటీకి నిలబెట్టిన రాగి అల్లిక మాత్రం నిన్నటిది. రేపటి వెలుగును నిన్నటి రాగితో కొలిస్తే ఎవరు గెలుస్తారో చెప్పడానికి సిమ్యులేటర్ అక్కర్లేదు. 2012లో ఎంఐటీ నుంచి వచ్చిన డీసెంట్ అనే లెక్కల పనిముట్టు ఈ అలవాటును కొంత సరిదిద్దింది. రాగి, వెలుగు రెండింటినీ ఒకే తరం టెక్నాలజీ కింద పెట్టి, లేజర్, హీటర్ ఖర్చులను దాచకుండా చూపించింది. 2014లో ఐరోపాలో జరిగిన డేట్ సదస్సులో ఇటలీకి చెందిన రమినీ, బెర్తోజ్జీ, బార్తొలీనీ తదితరులు రాసిన పత్రం పేరులోనే చురక ఉంది: బాగా చెక్కిన రాగి అల్లికతో పోలిస్తే వెలుగు ఎక్కడ గిట్టుబాటవుతుంది అని. ఈ రంగంలో ఒక్కటే పత్రం చదవడానికి వీలుంటే నేను దాన్నే చదవమంటాను.

రింగుల వేడి సమస్యను తప్పించుకోకుండా ఎదుర్కొన్నవాళ్లూ ఉన్నారు. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో సుదీప్ పస్రిచా బృందంలో సాయి వినీల్ రెడ్డి చిత్తమూరు, ఈషాన్ థక్కర్ తదితరులు చేసిన పని ఇందులో చెప్పుకోదగ్గది. ఉష్ణోగ్రత మారినప్పుడు, తయారీలో రింగులు అటూ ఇటూ అయినప్పుడు, చానెళ్లు ఒకదాని మాటలు ఒకటి వింటున్నప్పుడు అల్లిక తప్పులు చేయకుండా, హీటర్ల ఖర్చు పెరగకుండా ఎలా నడపాలన్న దాని మీద 2018 ప్రాంతంలో వరుసగా పత్రాలు ప్రచురించారు. సమస్య మాయమైందని వాళ్లు చెప్పలేదు, ఖర్చు ఎంత మేర తగ్గుతుందో చూపించారు.

కాగితాల మాట సరే, నిజంగా చేసి చూసినవి ఏం చెబుతున్నాయి? 2015 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం మైలురాయి. బర్క్లీ, ఎంఐటీ, కొలరాడో బృందాలు మామూలు 45 నానోమీటర్ల ఫ్యాక్టరీ పద్ధతిని ఏమీ మార్చకుండా ఏడు కోట్ల ట్రాన్సిస్టర్లు, 850 ఫోటానిక్ భాగాలు ఒకే చిప్పు మీద చేశాయి. ఆ ప్రాసెసర్ వెలుగుతో మాట్లాడింది. ఎవరితో? విడిగా ఉన్న మెమరీ చిప్పుతో. తన లోపల కోర్ల మధ్య కాదు. లేజర్ కూడా బయటిదే. ఆ బృందం నుంచి పుట్టిన అయార్ ల్యాబ్స్ కంపెనీ ఈనాటికీ చిప్పుల మధ్య లంకెల మీదే పనిచేస్తోంది. అందరికంటే ముందు అక్కడ దాకా వెళ్లినవాళ్లే గడప బయట నిలబడటం గమనించాలి.

2025 మార్చిలో కొలంబియాలోని కెరెన్ బెర్గ్‌మన్ బృందం, కార్నెల్ వాళ్లతో కలిసి, 80 చానెళ్ల లంకెను ప్రచురించింది. ఎలక్ట్రానిక్ చిప్పును ఫోటానిక్ చిప్పు మీద బోర్లించి అతికించారు. బిట్‌కు 120 ఫెమ్టోజౌళ్లు. నేను పైన వేసిన 0.3 పికోజౌల్‌ను ఇది సగం కంటే కిందికి దించేసింది, నిజంగా గొప్ప పని. పత్రికల్లో వార్త ఈ అంకెతోనే తిరిగింది. అయితే పత్రమే స్పష్టంగా చెప్పినట్టు అది రెండు చివర్లలోని ఎలక్ట్రో-ఆప్టిక్ సర్క్యూట్ల ఖర్చు మాత్రమే. లేజర్ బిల్లు విడిగా వస్తుంది. వెలుగు గురించి ఏ అంకె విన్నా అది లేజర్ కలిపా, కలపకా అని అడగడం ఈ రంగంలో తొలి మర్యాద.

పరిశ్రమ డబ్బు పెట్టి తీర్పు చెప్పింది. 2024 మార్చిలో ఎన్‌విడియా 72 జీపీయూల ర్యాక్‌ను చూపిస్తూ దాని వెనక సుమారు 5000 రాగి కేబుళ్లు ఉన్నాయని, వాటి బదులు ఫైబర్ వాడి ఉంటే 20 కిలోవాట్లు అదనంగా అయ్యేదని ఆ కంపెనీ అధిపతి జెన్సెన్ హువాంగ్ వేదిక మీద చెప్పారు. ర్యాక్ మొత్తం 120 కిలోవాట్లు. అంటే మీటరు రెండు మీటర్ల దూరంలో, నిరంతరం నిండుగా నడిచే చోట కూడా ఆ రోజుకు రాగే చవక! సరిగ్గా ఏడాదికి అదే మనిషి అదే వేదిక మీద వెలుగు వైపు తిరిగారు. స్విచ్చికి గుచ్చే 1.6 టెరాబిట్ల ట్రాన్సీవర్ ఒక్కోటి 30 వాట్లు తింటుందని, ఒక్కో జీపీయూకు ఆరు కావాలంటే 180 వాట్లని, పది లక్షల జీపీయూలకు 180 మెగావాట్లు ట్రాన్సీవర్లకే పోతుందని లెక్క చెప్పి, వాటిని తీసేసి రింగు మాడ్యులేటర్లను స్విచ్చి చిప్పు పక్కనే ఒకే ప్యాకేజీలో పెట్టే పద్ధతిని చూపించారు; దాంతో ఆ 30 వాట్లు 9 వాట్లకు దిగుతాయని కంపెనీ లెక్క. మాటమార్పు ఏమీ లేదిందులో. మొదటిది ర్యాక్ లోపలి సంగతి, రెండోది ర్యాక్ బయటిది. భాగించి చూస్తే 30 వాట్లు బిట్‌కు 19 పికోజౌళ్లకు కాస్త తక్కువ, 9 వాట్లు 5.6 పికోజౌళ్లు. ఇంత పురోగతి తర్వాత కూడా ఆ అంకె చిప్పును అడ్డంగా దాటే రాగి గీతకయ్యే 1.6 కంటే మూడు రెట్లకు పైనే ఉంది.

అదే సమయంలో రాగి కూడా ఊరికే కూర్చోలేదు. చిప్పును ముక్కలు చేసి పక్కపక్కన పేర్చే చిప్లెట్ పద్ధతికి 2022లో వచ్చిన యూసీఐఈ ప్రమాణం మంచి ప్యాకేజీలో బిట్‌కు పావు పికోజౌల్ లక్ష్యంగా పెట్టుకుంది. సెరెబ్రాస్ కంపెనీ అయితే వేఫర్‌ను కోయడమే మానేసి, 46 వేల చదరపు మిల్లీమీటర్ల పలకను ఒకే చిప్పుగా వాడుతోంది; 2024లో వచ్చిన మూడో తరంలో తొమ్మిది లక్షల కోర్లు, అన్నీ రాగి గీతలతో పొరుగువాడి చేయి పట్టుకున్నవే. అంచు నుంచి అంచుకు ఎనిమిది అంగుళాలకు పైబడిన దూరమున్నా వెలుగు అక్కర్లేదని వాళ్ల పందెం. దానికి సరిగ్గా ఎదురు పందెం లైట్‌మ్యాటర్ కంపెనీది: 2025లో ప్రకటించిన వాళ్ల ప్యాసేజ్ ఎం1000లో నాలుగు వేల చదరపు మిల్లీమీటర్లకు పైబడిన ఫోటానిక్ పలక మీద మామూలు చిప్పులు కూర్చుంటాయి, కిందనున్న పలక సెకనుకు 114 టెరాబిట్లు మోస్తుంది. చిప్పు లోపల వెలుగు అన్న పాత కలకు ఇదే అన్నిటికంటే దగ్గరి రూపం. ఆ కల చిప్పులోంచి ప్యాకేజీలోకి మారింది.

ప్యాకేజీ అన్నది ఒకప్పుడు చిప్పుకు వేసే తొడుగు, అంతే. దాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవారిలో తుమ్మల రావు ముందువరసలో ఉంటారు. ఐబీఎంలో ఫెలోగా పనిచేసి, 1989లో ప్యాకేజింగ్ మీద పెద్ద కరదీపిక తెచ్చి, ఆ తర్వాత జార్జియా టెక్‌లో పరిశోధన కేంద్రం నెలకొల్పారు. వ్యవస్థనంతా, వెలుగు భాగాలతో సహా, చిప్పులో ఇరికించే బదులు ప్యాకేజీలో పేర్చండని ఆయన దశాబ్దాల కిందట వాదించినప్పుడు చిప్పుల వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నంత కాలం అందరి చూపూ చిప్పు మీదే.

మన రాష్ట్రానికి దీనితో పనేమిటంటే, ఉంది. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే మన సీమలోనే, కర్నూలు వైపు, ఆరు వేల ఎకరాల దాకా పరుచుకున్న అల్ట్రా మెగా సోలార్ పార్క్ నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఇచ్చేంత. రాత్రికి అది ఇవ్వదు, డేటా సెంటర్ రాత్రికి ఆగదు. అలాంటి కేంద్రంలో లంకెల ఖర్చు మూడో వంతుకు దిగడమంటే పదుల మెగావాట్ల మాట. అయితే ఆ ఆదా ర్యాక్‌ల మధ్య, చిప్పుల మధ్య దొరుకుతుంది. చిప్పు లోపల వెతికితే దొరకదు. మద్రాసు ఐఐటీలో సిలికాన్ ఫోటానిక్స్ కేంద్రం కేంద్ర ప్రభుత్వ సాయంతో నడుస్తోంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఫోటానిక్ పరికరాలు చేసే సదుపాయం ఉంది. చిత్తూరు నుంచి రెండు దిక్కులా నాలుగైదు గంటల బస్సు ప్రయాణం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలు ఈ వైపు పోదలిస్తే రింగుల కంటే ముందు ప్యాకేజింగ్, ఉష్ణ నియంత్రణ నేర్చుకోవడం మేలని నాకనిపిస్తుంది. పని అక్కడే మిగిలి ఉంది.

తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మిల్లర్ 2017లో రాసిన సుదీర్ఘ వ్యాసంలో డిటెక్టర్‌ను ట్రాన్సిస్టర్‌కు ఆనుకునేంత దగ్గరగా, ఫెమ్టోఫారడ్ స్థాయి కెపాసిటన్స్‌తో చేయగలిగితే అందుకునే వైపు ఆంప్లిఫైయరే అక్కర్లేదని చూపించారు. వెలుగు తక్కువ చాలితే లేజర్ ఖర్చు ఆ మేరకు దిగుతుంది. చిప్పు మీదే అతికించిన లేజర్లను అవసరం లేనప్పుడు నానోసెకన్లలో ఆర్పి వెలిగించే ప్రయత్నాలు, హీటర్ అక్కర్లేకుండా ఉష్ణోగ్రతను తట్టుకునే రింగుల ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇవన్నీ కలిసి నా లెక్కలోని 0.52 పికోజౌల్ నిలకడ ఖర్చును నాలుగో వంతుకు, అంటే 0.13కు దించాయనుకుందాం. 20 మిల్లీమీటర్ల దూరానికి గిట్టుబాటయ్యే వాడకం 40 శాతం నుంచి 10 శాతానికి పడిపోతుంది. మామూలు ప్రాసెసర్లు ఆ మాత్రం రద్దీ చూపిస్తాయి. కానీ తీగ మీద వోల్టేజీ ఊపును తగ్గించి పంపే పద్ధతులు రాగి చేతిలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటితో రాగి తన ఖర్చును సగానికి, 0.8కి దించుకుంటే ఆ 10 మళ్లీ 26 అవుతుంది.